గంపగుత్త ధరా, కొలత లెక్కా? తిరుపతిలో ఇల్లు కొనేవారికి, అమ్మేవారికి ఏది మేలు

తిరుపతిలో ఇంటి ధరను రెండు విధాలుగా చెబుతారు. ఒకటి కొలతను బట్టి చెప్పేది, అంటే ఫ్లాటుకైతే చదరపు అడుగుకు ఇంత, స్థలానికైతే అంకణమనే స్థానిక కొలతకు ఇంత అని. రెండోది పార్కింగు, కరెంటు మీటరు, నీటి కనెక్షను అన్నీ కలిపి గంపగుత్తగా చెప్పేది. ఫ్లాటుకు గంపగుత్త, స్థలానికీ పాత ఇంటికీ కొలత లెక్క మేలని నా అభిప్రాయం. ఏ విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకున్నారన్నదాన్ని బట్టి ఫ్లాటు అడుగు ధర మారిపోతుంది. స్థలాన్నైతే కొనేవారే టేపు పెట్టి కొలుచుకోవచ్చు.

స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే ఫ్లాటు లోపల వాడుకోగలిగిన నేల. గదుల మధ్య గోడలు అందులో చేరతాయి, బయటి గోడలు, పైపులు, వైర్లు వెళ్లే సర్వీసు షాఫ్టులు, బాల్కనీ, సొంత డాబా చేరవు. వీటిలో బయటి గోడలనూ బాల్కనీనీ కలిపితే బిల్టప్ ఏరియా, దానికి మెట్లు, లిఫ్టు, నడవాల్లో వాటాను జోడిస్తే సూపర్ బిల్టప్ ఏరియా అవుతుంది. బ్రోకర్లు చెప్పే అడుగు ధర చాలావరకు ఈ చివరిదానికే వర్తిస్తుంది.

లెక్క కోసం రెండు ఫ్లాట్లను ఊహించుకుందాం. కట్టుబడిలో ఉన్న మొదటిది 1,250 అడుగుల సూపర్ బిల్టప్, అడుగు రూ.4,800 చొప్పున రూ.60 లక్షలు, పార్కింగుకు, డిపాజిట్లకు మరో రూ.5 లక్షలు. పూర్తయిన రెండోది 1,150 అడుగులు, గంపగుత్తగా రూ.62 లక్షలు. పైపైన చూస్తే రెండోదానికి అడుగు దాదాపు రూ.5,391 పడుతుంది కనుక అదే ఖరీదనిపిస్తుంది. మొదటిదాని కార్పెట్ 850, రెండోదానిది 840 అడుగులనుకుంటే మాత్రం పార్కింగు, డిపాజిట్లతో కలిపి మొదటిదానికి అడుగు రూ.7,647, రెండోదానికి రూ.7,381 అవుతుంది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుపై 5 శాతం జీఎస్టీ కలిస్తే మొదటిదాని భారం ఇంకో రూ.3.25 లక్షలు పెరుగుతుంది. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు ఆ పన్ను ఉండదు. గంపగుత్త ధరలో కనిపించనిది ఒక్కటే, భూమిలో మన అవిభాజ్య వాటా, అంటే ఫ్లాట్లన్నీ కట్టిన స్థలంలో విడదీయకుండా మనకు వచ్చే భాగం. అది ఎన్ని గజాలో విడిగా అడిగి అగ్రిమెంటులో రాయించుకోవాలి. బిల్డరు కూడా రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు.

స్థలం సంగతి వేరు. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు, సెంటుకు 12.1 అంకణాలు. అంకణం రూ.60,000 అన్నవారూ, గజం రూ.15,000 అన్నవారూ, సెంటు రూ.7.26 లక్షలన్నవారూ ఒకే ధర చెబుతున్నట్టు లెక్క. నెల్లూరు వైపు మాత్రం అంకణం 72 అడుగులు. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట ప్రాంతం కూడా చేరింది కనుక, ఒకే జిల్లాలో రెండు అంకణాలు నడుస్తున్నాయి. చెన్నై నుంచి వచ్చేవారు 2,400 అడుగుల గ్రౌండు లెక్కలో ఆలోచిస్తారు, వారితో బేరమాడేటప్పుడు అడుగుల్లో మాట్లాడడమే క్షేమం.

పాత ఇంటిని గంపగుత్తగా అమ్మితే యజమానికి సుఖం, కొనేవారికి చిక్కు. కట్టడం విలువ ఏటా తరుగుతుంది, నిలిచేది నేల విలువే. అందువల్ల నేలకు అంకణం ధర కట్టి, కట్టడానికి వేరుగా విలువ వేయాలి. దస్తావేజులో 60 అంకణాలున్నా రోడ్డు విస్తరణలో కొంత పోయి ఉండవచ్చు; పైగా విస్తీర్ణానికీ చెక్కుబందీకీ (దస్తావేజులో రాసిన నాలుగు వైపుల హద్దులకూ) తేడా వస్తే న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే విలువనిస్తాయి. కొలిచి తేలిన విస్తీర్ణానికే డబ్బు చెల్లించే షరతును అమ్మేవారు ఒప్పుకోకపోతే నేనైతే ఆ బేరం వదులుకుంటాను.

ఇక క్రయపత్రంలో ఏ ధర రాయాలన్నది. సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలో ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ రూ.40 లక్షలు, అసలు ధర రూ.60 లక్షలు అయితే, తక్కువది రాసి మిగతా నగదు పుచ్చుకుందామని ఇరుపక్షాలూ అనుకోవడం మామూలే. రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, వెరసి 7.5 శాతం కనుక కొనేవారికి రూ.1.5 లక్షలు మిగులుతుంది. కాని రేపు అదే ఇంటిని అమ్మితే లాభం రూ.20 లక్షలు ఎక్కువగా తేలి, 12.5 శాతం చొప్పున రూ.2.5 లక్షల పన్ను పడుతుంది. బ్యాంకు అప్పు కూడా కాగితంపై ఉన్న ధరను బట్టే వస్తుంది. అమ్మేవారికి ప్రమాదం మరీ పెద్దది: స్థిరాస్తి బేరంలో రూ.20,000 గాని అంతకు మించి గాని నగదుగా తీసుకుంటే తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా పడవచ్చు. కనుక పూర్తి ధర రాయడమే ఇద్దరికీ మేలు.

దీనికి తలకిందులైన పరిస్థితీ ఉంది. ఇరుకు సందులోని ఇంటికి పుస్తక విలువ రూ.50 లక్షలు ఉండి, బేరం రూ.46 లక్షలకు తెగితే స్టాంపు ఖర్చు రూ.50 లక్షలపైనే పడినా, ఆదాయపు పన్నుతో ఇబ్బంది లేదు. 10 శాతం వరకు తేడాను ఆ శాఖ పట్టించుకోదు. రూ.44 లక్షలకు దిగితే మాత్రం అమ్మేవారి లాభాన్ని రూ.50 లక్షల మీదే లెక్కిస్తారు, కొనేవారికి తేడా రూ.6 లక్షలు పన్ను పడే ఆదాయంగా చేరుతుంది. అగ్రిమెంటుకూ రిజిస్ట్రేషనుకూ మధ్య పుస్తక విలువ పెరిగితే పన్ను లెక్కకు అగ్రిమెంటు నాటి విలువనే తీసుకునే వీలుంది, అయితే అడ్వాన్సులో కొంతైనా ఆనాటికే బ్యాంకు ద్వారా చెల్లించి ఉండాలి.