సెకండ్ హ్యాండ్ ఈ-క్లాస్: 211, 212, 213 మూడూ వాడాక

కర్నూలులోనైనా అనంతపురంలోనైనా పాత బెంజి చూడబోయిన మనిషి మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. ఆ తర్వాత ధర. బెంజి ఈ-క్లాస్ మూడు తరాలూ (కంపెనీ నంబర్లలో 211, 212, 213) వాడాక మా లెక్క మారింది. ఏ జబ్బు గురించి విన్నా ఇప్పుడు వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది గుత్తి దగ్గర బయటపడితే బండిని మెల్లగా తోలుకుంటూ ఇల్లు చేరొచ్చా, లారీ ఎక్కించాల్సిందేనా? అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్, రెండూ 200 కిలోమీటర్ల పైమాటే. బెంజి కంప్యూటర్ తగిలించి చూడగలిగిన షెడ్డు కోసం చాలామంది అంత దూరం పోవాల్సిందే. హైదరాబాద్‌లో ఉన్నాయనకు చిన్న చికాకుగా కనిపించేది మనకు ఒక రోజు పనీ, ఒక టోయింగ్ బిల్లూ. పట్నంలో మెచ్చుకునే బండి మన దగ్గర పనికిరాకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

211 అంటే 2002లో వచ్చి 2009 దాకా నడిచిన, గుండ్రటి జంట లైట్ల బండి. ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది, చవగ్గా వస్తుంది. దీన్ని 2006 ఫేస్‌లిఫ్ట్‌కు (తరం మధ్యలో కంపెనీ చేసే మార్పులకు) ముందు, తర్వాత అని రెండు బండ్లుగా చూడాలి. ముందు వాటికి ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకులు. మన కాలు నొక్కేది పెడల్ ఒక్కటే. చక్రాలకు ఒత్తిడి పంపేది కంప్యూటర్ నడిపే పంపు. ఆ యూనిట్ ఎన్నిసార్లు బ్రేకు పడిందో లెక్కపెట్టుకుంటూ పోయి, పరిమితి దాటాక మీటరు మీద హెచ్చరిక వేస్తుంది. పూర్తిగా చేతులెత్తేస్తే ముందు చక్రాలకే బ్రేకు మిగులుతుంది, అదీ కాలు బలంగా తొక్కితేనే. 2004లోనూ 2005లోనూ కంపెనీయే రీకాల్ చేసింది, ఫేస్‌లిఫ్ట్‌లో మామూలు హైడ్రాలిక్ బ్రేకులకు వెనక్కి వచ్చింది. తెలియని షెడ్డులో ఈ బండికి బ్రేక్ ప్యాడ్లు మార్పించడం కూడా ప్రమాదమే. ముందు కంప్యూటర్‌తో ఎస్‌బీసీని నిద్రపుచ్చాలి. లేదంటే పక్కన ఎవరో తలుపు తీయగానే పంపు తనంతట తాను లేచి ఒత్తిడి ఎక్కిస్తుంది, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లో వేలు ఉంటే నలుగుతుంది. మన ఊళ్ళలో 2006కు ముందు 211 ఎంత చవగ్గా వచ్చినా వద్దనే మా మాట.

ఫేస్‌లిఫ్ట్ 211లో ఈ280 సీడీఐ, మూడు లీటర్ల వీ6 డీజిల్, రోడ్డు మీద పట్టుకుంటే వదలబుద్ధి కాని బండి. దీనికి రెండు పేరున్న జబ్బులు. ఒకటి ఆయిల్ కూలర్ సీళ్ళు. రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో, టర్బో కింద కూర్చుని ఉంటుంది కూలర్. వేడికి సీళ్ళు గట్టిపడి, ఆయిల్ కారి, ఇంజిన్ వెనక నుంచి గేర్ బాక్స్ కలిసేచోట బొట్లుగా దిగుతుంది. అది చూసి మెకానిక్ క్రాంక్ వెనక సీలు పోయిందని గేర్ బాక్స్ దించిస్తాడు. కొత్త సీలు వేసినా కారడం ఆగదు. సీళ్ళ ధర చిన్నది, పైన టర్బో, ఇన్‌టేక్ అంతా విప్పే కూలీయే పెద్దది. మొదట్లో వచ్చినవి నారింజ రంగు సీళ్ళు, తర్వాత మార్చినవి ఊదా రంగువి. బిల్లులో ఆ పని ఉంటే బండి విలువ పెరిగినట్టే. రెండోది ఇన్‌టేక్ ఫ్లాప్‌లను, అంటే ఇంజిన్‌లోకి గాలి పోయే దారిలోని రెక్కలను, తిప్పే చిన్న మోటారు. టర్బో మూతి దగ్గర బ్రీదర్ సీలు వదులైతే ఆయిల్ సరిగ్గా దాని మీదే పడి మోటారు షార్ట్ అవుతుంది, ఇంజిన్ లింప్ మోడ్‌లోకి (తనను కాపాడుకోవడానికి బలం తగ్గించుకునే స్థితిలోకి) పోతుంది, టర్బో లాగదు. రెండూ నడిపించుకుపోయే జబ్బులే. లారీ అక్కర్లేదు.

212 (2009-2016) దగ్గరికొస్తే సీమ మనిషికి సరిపడే తరం ఇదేనని గట్టిగా చెప్పొచ్చు, అందులోనూ 2013 ఫేస్‌లిఫ్ట్ తర్వాతది, నాలుగు సిలిండర్ల ఈ250 సీడీఐ. 2143 సీసీ, 204 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్. ఎన్‌హెచ్ 44 మీద ఏసీ వేసుకుని నలుగురితో పోతుంటే ఇంజిన్ ఉన్నట్టే తెలియదు. ఊళ్ళో, సిగ్నల్ దగ్గర మాత్రం గరగరమని డీజిల్ సంగతి గుర్తుచేస్తుంది. ఆ మాటకొస్తే ఈ డబ్బుకు ఈ చప్పుడేమిటని వెనక సీట్లో కూర్చునేవాళ్ళు అడగడం మామూలే.

తొలి 212ల్లో, అంటే 2009-2011 నాటి ఈ250 సీడీఐల్లో, డీజిల్‌ను సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్టర్లు పీజో రకానివి పెట్టారు. అవి పోతే ఇంజిన్ సరిగా నడవదు, ఒక్కోసారి అసలు స్టార్టే కాదు. తర్వాత సోలనాయిడ్ రకానికి మార్చారు. ఆ మార్పు జరిగినట్టు బిల్లు అడగండి. ఇంజెక్టర్లతో పాటు వాటి వైరింగూ ఇంజిన్ కంప్యూటరూ కూడా మారి ఉండాలి, ఇంజెక్టర్లు మాత్రమే రాసి ఉంటే అనుమానించండి. ఈ ఇంజిన్‌లో వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ చైను వెనక, గేర్ బాక్స్ వైపు ఉంటుంది. రాత్రంతా నిలబడిన బండిని తెల్లారి స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు క్షణాలు గలగలమంటే చైను సాగిందనో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ అలిసిందనో అర్థం. అమ్మేవాడు మీరు వచ్చేలోపే ఇంజిన్ వేడి చేసి పెట్టేది ఈ చప్పుడు వినపడకూడదనే. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజు చూపు ముగిసినట్టే. మరుసటి రోజు ఉదయం మళ్ళీ పోవాలి.

212లో మనకు నిజంగా భయపెట్టేది స్టీరింగ్ లాక్. ఎలక్ట్రిక్ మోటారుతో తెరుచుకునే లాక్ అది. మోటారు అరిగితే ఒక రోజు తాళంచెవి పెట్టినా ‘టక్’మనే చప్పుడు రాదు, మీటరు వెలగదు. బండి ఎక్కడుంటే అక్కడే, లారీ ఎక్కాల్సిన జబ్బు. అప్పుడప్పుడు రెండోసారి పెడితేనే పనిచేస్తోందంటే అది ముందస్తు కబురు. వాయిదా వేయకుండా లాక్ మార్పించాలి. చూడబోయినప్పుడు తాళంచెవి పదిసార్లు తీసి పెట్టి చూడండి. అమ్మేవాడు విసుక్కున్నా ఫర్వాలేదు.

పెట్రోల్ కావాలనుకునేవాళ్ళకు ఒక ముక్క. 212లో 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్‌కు చైను సాగడం, కామ్ పళ్ళచక్రాలు అరగడం బాగా తెలిసిన సంగతి. చైను పన్ను జారితే వాల్వులు పోయి ఇంజిన్ ఖర్చే. చైను మార్చిన కాగితం లేని బండి ముట్టుకోవద్దు.

213 మన దేశంలోకి 2017 ఫిబ్రవరిలో పొడుగు వీల్‌బేస్‌తో (ముందు, వెనక చక్రాల మధ్య దూరంతో) వచ్చింది. 3079 మిల్లీమీటర్లు, అంటే మామూలు 213 కన్నా 140 ఎక్కువ. వెనక సీటు వాలుతుంది. డ్రైవర్ ఉండి, వెనక కూర్చుని హైదరాబాద్ పోయేవాళ్ళకు దీన్ని మించింది లేదు. ఈ220డీలోని 1950 సీసీ డీజిల్ పాతదాని కన్నా చాలా మెత్తన, గేర్లు తొమ్మిది. స్వయంగా తోలుకునేవాళ్ళు మాత్రం పల్లె స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆ పొడుగు గుర్తుపెట్టుకోవాలి: ముందు చక్రాలు దిగినా వెనక చక్రాలు ఇంకా ఎక్కక, మధ్యలో పొట్ట తగులుతుంది. నలుగురు కూర్చున్న బండిని వాలుగా ఎక్కించి దించాలి. కొనేముందు ర్యాంప్ మీద ఎక్కించి కింది ప్లాస్టిక్ షీట్లు చూస్తే పాత యజమాని ఎలా తోలాడో అక్కడ గీతలుగా రాసి ఉంటుంది. స్టెప్నీ డిక్కీ నేల మీదే కూర్చుంటుంది కాబట్టి సూట్‌కేసులకు చోటు తక్కువ.

బీఎస్6 డీజిల్ 213లకు యాడ్‌బ్లూ, అంటే పొగలోని విషవాయువులు తగ్గించే ద్రవం, ఉంటుంది. అది అయిపోయినా, దాని సెన్సార్ పాడైనా, ఇక ఇన్ని కిలోమీటర్ల తర్వాత స్టార్ట్ కాదు అని మీటరు మీద లెక్క మొదలవుతుంది. చెప్పి మరీ ఆగే జబ్బు కాబట్టి బెంగళూరు చేరడానికి వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధిని నిర్లక్ష్యం చేస్తే లారీయే. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ కూడా ఉంటుంది. కడప ఊళ్ళోనే రోజుకు మూడు నాలుగు కిలోమీటర్లు తిరిగితే అది నిండిపోతుంది. వారానికోసారైనా అరగంట హైవే మీద ఆగకుండా నడిపితే దానంతటదే కాల్చుకుంటుంది. ఊరి తిరుగుడే ఉన్నవాళ్ళకు పెట్రోల్ ఈ200 మేలు.

ఇక కిలోమీటర్ల మోసం. మీటరు వెనక్కి తిప్పడం తేలిక, బండి కంప్యూటర్ల జ్ఞాపకం తుడవడం కష్టం. బెంజి డయాగ్నసిస్ తగిలించి ప్రతి కంట్రోల్ యూనిట్‌లో పాత ఫాల్టులు తెరవండి. చాలా ఫాల్టుల పక్కన మొదటిసారి ఏ కిలోమీటరు దగ్గర వచ్చింది, చివరిసారి ఎప్పుడు అని రాసి ఉంటుంది. మీటరు 92,000 చూపిస్తూ, గేర్ బాక్స్ యూనిట్‌లో ‘మొదట 1,68,000 వద్ద’ అని కనిపిస్తే ఇక మాట్లాడాల్సింది లేదు. అమ్మేవాడు ముందురోజే ఫాల్టులన్నీ చెరిపేసి ఉంటే అదీ ఒక సమాధానమే. పదేళ్ళ బెంజిలో ఒక్క పాత ఫాల్టూ లేకపోవడం సహజం కాదు.

గేర్ బాక్స్ పరీక్ష ఇంజిన్ బాగా కాగాకే. ‘డీ’ నుంచి ‘ఆర్’కు మార్చినప్పుడు క్షణం దాటి ఆలస్యమై ధబ్‌మనకూడదు. 50 నుంచి 80 మధ్య కాలు స్థిరంగా పెట్టి నడుపుతుంటే గరుకు గీతల మీద పోతున్నట్టు సన్నగా వణికితే ఇంజిన్ బలాన్ని గేర్ బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ లాకప్‌దో, పాడైన ఆయిల్‌దో ఆ లోపం. చాలా 211ల్లోనూ తొలి నాలుగు సిలిండర్ల డీజిల్ 212లోనూ ఉన్న ఐదు గేర్ల బాక్స్ మొండిది, మంచిది. దాని లోపలి కండక్టర్ ప్లేట్ పోతే రెండో గేర్‌లోనే ఉండిపోతుంది, గంటకు 50తోనైనా ఊరు చేరొచ్చు. పక్కన ఉన్న 13 పిన్నుల ప్లగ్గు దగ్గర ఆయిల్ తడి ఉంటే చిన్న రబ్బరు రింగు మార్పించాలి. వదిలేస్తే ఆయిల్ వైరు లోపల పాకుతూ గేర్ బాక్స్ కంప్యూటర్ దాకా ఎక్కుతుంది. ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 60,000 కిలోమీటర్లకు ఫిల్టర్‌తో సహా మార్చాలి. ప్యాన్ దించితే సగం ఆయిలే వస్తుంది, మిగతా సగం కన్వర్టర్‌లో ఉంటుంది. లెవెల్ కూడా చల్లగా ఉన్నప్పుడు చూస్తే తప్పు. ఈ ఐదు గేర్ల బాక్స్‌కైతే ఆయిల్ 80 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు చూడాలి.

కూలింగ్ చూడ్డానికి కడపవాళ్ళకు గువ్వలచెరువు ఘాట్ ఉండనే ఉంది. మధ్యాహ్నం ఏసీ పూర్తిగా వేసి ఎక్కించండి. ముల్లు 90 దగ్గర నిలబడి, ఎక్కుడులో కొంచెం పెరిగి, దిగేటప్పుడు మళ్ళీ 90కి రావాలి. పైకి పోతూనే ఉంటే రేడియేటర్, ఏసీ కండెన్సర్ మధ్య దుమ్ము పేరుకుందేమో చూడాలి; బయట నుంచి నీళ్ళు కొడితే పోదు, రెంటినీ విడదీసి కడగాలి. దీనికి తలకిందులు ఇంకోటి: హైవే మీద 70 దగ్గరే ఉండిపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది. వేడెక్కట్లేదు కదా అని సంతోషించొద్దు, ఇంజిన్ చల్లగా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి పెరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేస్తే స్టీరింగ్ ఊగితే డిస్కులు వంకర. డాబా దగ్గర ఆపి, ఏసీ వేసి, బ్రేకు తొక్కి ‘డీ’లో ఉంచండి, స్టీరింగ్‌లో సన్నటి వణుకు వస్తే ఇంజిన్ మౌంట్లలోని ద్రవం కారిపోయింది.

మన ఎండకు కిలోమీటర్లతో పని లేకుండా చచ్చేవి రబ్బరు భాగాలు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, మౌంట్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ముందూ వెనకా ఉండే రబ్బరు కప్లింగులు తప్పకుండా చూడాలి. ఆ కప్లింగుల బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్ళు కనిపిస్తే వెంటనే మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. టైరు మీది గుండీలు ఎంత అరగకుండా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరుతో మేలో హైవే ఎక్కొద్దు. తాడిపత్రి, యర్రగుంట్ల వైపు సిమెంటు, బండల లారీల వెనక తిరిగేవాళ్ళు ఎయిర్ ఫిల్టర్‌ను ప్రతి 10,000 కిలోమీటర్లకూ మార్చాలి. వీ6కు ఫిల్టర్లు రెండని మర్చిపోతారు.

వేపచెట్టు కింద నిలిపే అలవాటు ఉన్నవాళ్ళకు ఒక మాట. వైపర్ల కింద జాలీలో రాలిన ఆకు లోపలికి దిగి నీళ్ళు పోయే రంధ్రాలను మూసేస్తుంది. ఏడాదంతా ఏమీ తెలియదు. నవంబరు తుపాను ఒక్క రాత్రి పడితే నీళ్ళు నిండి ఫ్యూజులుండే ఎలక్ట్రానిక్ పెట్టెల్లోకి దిగుతాయి. నెలకోసారి చేత్తో తీసేస్తే ఐదు నిమిషాల పని.

వరద బండ్లు మన వైపు బాగా వస్తాయి. 2015 డిసెంబరు చెన్నై, 2020 అక్టోబరు హైదరాబాద్, 2022 సెప్టెంబరు బెంగళూరు గుర్తుపెట్టుకుని, ఆ నెలల తర్వాత చేతులు మారిన బండిని రెండింతలు జాగ్రత్తగా చూడండి. వెనక సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి చుట్టల్లో మట్టి గీత కనిపిస్తుంది. పైన ఎంత కడిగినా అక్కడికి బ్రష్ పోదు. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో సన్నని ఒండ్రు, కార్పెట్ కింది ఫోమ్ పిండితే తేమ కూడా అదే చెబుతాయి. 211కు పెద్ద బ్యాటరీ డిక్కీలోనే కాబట్టి దాని చుట్టూ చూస్తే సగం కథ తెలుస్తుంది.

ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్‌ను తిరగనివ్వని నియమం వల్ల అక్కడి బండ్లు చవగ్గా దిగుతూ వచ్చాయి. బండి మంచిదే కావచ్చు, లెక్క మాత్రం ఎన్‌ఓసీ, మన రాష్ట్రంలో కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, ఏపీ నంబరు వేయించే ఖర్చు కలిపి చూడండి. 15 ఏళ్ళ ఆర్సీలో మిగిలింది ఎంతో కూడా. కర్ణాటక నంబరుతో అనంతపురంలో ఏళ్ళ తరబడి తిరుగుతున్న బండ్లను చూసి ధైర్యపడొద్దు. లోను తీరిన బండైతే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు.

పోటీ బండ్లు చూస్తున్నవాళ్ళకు: బీఎండబ్ల్యూ 520డీలో ఎఫ్10 తరం తొలి బండ్ల డీజిల్‌కూ చైను వెనకే, జబ్బూ అదే, తోలడానికి మాత్రం ఈ-క్లాస్ కన్నా సరదా. పాత ఆడి ఏ6లో మల్టీట్రానిక్ గేర్ బాక్స్ ఉంటే దూరం నుంచే దండం.

బేరం కుదిరాక కొన్న ధరలో మూడో వంతు రిపేర్లకని వేరే పెట్టుకుని, మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్ మార్పించండి. ఆ 2143 సీసీ డీజిల్‌కు ఆరున్నర లీటర్లు, ఎంబీ 229.51 ముద్ర ఉన్న 5డబ్ల్యూ-30. తర్వాత ప్రతి 10,000కు. డీజిల్ ఫిల్టర్, బ్రేక్ ఆయిల్, గేర్ బాక్స్ ఆయిల్, కూలెంట్ అన్నీ ఒకేసారి. పాతాయన ఎప్పుడు మార్చాడో చెప్పినా సరే. కూలెంట్‌లో బోరు నీళ్ళు పోయించొద్దు, మన నీళ్ళలోని సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాలను మూసేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ రెండు సీసాలు డిక్కీలో పడేసి ఉంచండి, అమకతాడు టోల్ దగ్గర దాన్ని ఎవరూ అమ్మరు.