ఇద్దరే ఉన్న ఇంట్లో ఓటీజీ: ఆరేళ్ళ వాడకం

ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) కొన్నప్పుడు అందరూ అడిగింది ఒకటే, కేకులు చేస్తావా అని. ఈ ఆరేళ్ళలో నేను చేసిన కేకులు ఇరవై కూడా ఉండవు, అయినా వారంలో నాలుగైదు రోజులు దాన్ని వాడుతూనే ఉన్నాను. పిల్లలు వేరే ఊళ్ళకి వెళ్ళిపోయాక విజయవాడలో మేమిద్దరమే మిగిలాం, మా ఆయనకి డాక్టరు నూనె తగ్గించమన్నారు, మే నెల ఎండల్లో వేపుడు కలుపుతూ పొయ్యి దగ్గర అరగంట నిలబడటం నావల్ల కావట్లేదు. అలా వచ్చింది ఇది మా ఇంటికి.

మాది 19 లీటర్లది, 1300 వాట్లు, వేడిని అంతటా తిప్పే ఫ్యాన్ లోపల లేదు. ఇద్దరికి ఈ సైజు సరిగ్గా సరిపోతుంది. ఇంకా చిన్నవాటిలో పైన వేడెక్కే రాడ్డు మరీ దగ్గరగా ఉండి పైన మాడుతుంది, లోపల ఉడకదు. మా అక్క వాళ్ళింట్లో ఉన్న పెద్దదేమో వేడెక్కడానికే చాలాసేపు తీసుకుంటుంది, రెండు వంకాయల కోసం దాన్ని వెలిగించబుద్ధి కాదు.

అన్నిటికంటే ఎక్కువ చేసేది బెండకాయ. పావుకిలో ముక్కలు, ఒక చెంచా నూనె, 200 డిగ్రీల్లో 20-25 నిమిషాలు. ముక్కలు ఒక్క వరసగా పరవాలి, ఒకదాని మీద ఒకటి పడ్డాయా, ఆవిరికి మెత్తబడి జిగురు పోదు. ఉప్పూ కారం చివర్లోనే చల్లుతాను, ముందే ఉప్పేస్తే నీరూరుతుంది. ఫ్యాన్ లేదు కదా, వెనక వైపు ముక్కలు ముందు ఎర్రబడతాయి, అందుకని సగంలో ట్రే అటుదిటు తిప్పి పెట్టాలి.

పచ్చడికి వంకాయ కూడా ఇందులోనే. గాట్లు పెట్టి, నూనె రాసి, 220లో 40 నిమిషాలు పెడితే లోపల వెన్నలా అయిపోతుంది, స్టవ్వంతా రసం కారి మాడే బాధ లేదు. కాకపోతే నిప్పుల మీద కాల్చిన ఆ వాసన రానే రాదు. ఆఖర్న ఒక్క నిమిషం గ్యాస్ మంట మీద తిప్పితే కొంత వస్తుంది, అంతే.

వేరుశనగపప్పు మాత్రం ఇప్పుడు మూకుట్లో వేయించడం పూర్తిగా మానేశాను. 160లో 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి కదిపితే చాలు, గింజ లోపలి దాకా సమంగా వేగుతుంది. మెత్తబడిన జంతికలు 120లో ఆరేడు నిమిషాలు పెట్టి చల్లారనిస్తే మళ్ళీ కరకరలాడతాయి. వేడి మీద మెత్తగానే అనిపిస్తాయి, కంగారుపడకండి.

దిబ్బరొట్టె మూడు నాలుగుసార్లు ప్రయత్నించాను. ఉడుకుతుంది గానీ ఇనప మూకుట్లో అడుగున వచ్చే ఆ మందపాటి ఎర్రటి చెక్కు రాదు. ఇక ఇందులో చేయను. చేప ముక్కలు బాగా వస్తాయి, కానీ ఆ రోజే ట్రే, జాలీ, కింద పొడి రాలే ప్లేటు అన్నీ కడిగేయాలి, లేకపోతే మర్నాటి బ్రెడ్డుకి కూడా చేప వాసనే.

కొత్తగా కొనేవాళ్ళు ముందు ఓవెన్ థర్మామీటరు ఒకటి తెచ్చుకోండి. నా దాంట్లో నాబ్ 180 దగ్గర ఉంటే లోపల 200 దాటుతోంది, ఇది తెలియక మొదటి నాలుగు నెలలు ప్రతి వంటా పైన మాడ్చాను, తప్పు నా వంటదే అనుకున్నాను. తిప్పే టైమరుకి పది నిమిషాల లోపు పెట్టాలంటే ముందు 20 దాకా తిప్పి వెనక్కి తేవాలి, నేరుగా పెడితే చాలాసార్లు గంట కొట్టదు. ప్లగ్గు కచ్చితంగా 16 ఆంపియర్ల సాకెట్టుకే పెట్టండి, మామూలు 6 ఆంపియర్ల దానికి ఇంత లోడు అంచు మీద పడుతుంది. కరెంటు పోతే మా ఇన్వర్టరు మీద నడవదు. వేడిగా ఉన్న అద్దం మీద తడిగుడ్డ పెట్టొద్దు, పగులుతుంది. చల్లారాక వంటసోడా ముద్ద రాసి తుడిస్తే జిడ్డు వదులుతుంది.

నాలుగో ఏడు కింది రాడ్డు పోయింది. కంపెనీ సర్వీసు వాళ్ళు ఆ మోడల్ విడిభాగాలు రావట్లేదు, కొత్తది కొనుక్కోమన్నారు. రాడ్డొక్కటి పోతే మొత్తం పారేయమనడం నాకు చాలా కోపం తెప్పించింది. గవర్నర్‌పేటలో మిక్సీలు బాగుచేసే కొట్టుకి ఓటీజీని పట్టుకెళితే, పాత రాడ్డు పొడవే ఉన్నది వెతికి అరగంటలో బిగించి ఇచ్చాడు. రెండేళ్ళుగా దాని మీదే నడుస్తోంది.