ఏడేళ్ల మూడుల్: ఆర్థిక అన్నా, ఆర్ధిక అన్నా

2018 సెప్టెంబరులో నేను మూడుల్ అనే ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన మొదటి పరీక్షలో ఒకమ్మాయికి ‘ఆర్థిక వృద్ధి’ అనే జవాబుకు సున్నా వచ్చింది. జవాబు సరైనదే. ‘ఆర్ధిక’ అని ధ వత్తు పెట్టి రాసింది. నేను జవాబుల కీలో థ వత్తు పెట్టాను. చేత్తో దిద్దేటప్పుడు కంటికి ఆనని తేడా అది. పత్రికల్లోనూ బోర్డుల మీదా రెండు రూపాలూ కనిపిస్తూనే ఉంటాయి. యంత్రానికి మాత్రం అక్షరం మారితే మాట మారినట్టే. సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని చూస్తే ఆ అమ్మాయితో కలిపి పదకొండు మంది అలాగే రాశారు. కీలో రెండో రూపం కూడా చేర్చి మళ్లీ దిద్దమని ‘రీగ్రేడ్’ నొక్కాను. నిమిషంలో పదకొండు మందికీ మార్కులు పడ్డాయి.

మూడుల్ గురించి నా అభిప్రాయం ఆ సాయంత్రమే ఏర్పడింది. ఏడేళ్లు దాటాక కూడా పెద్దగా మారలేదు. చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తుంది. అయితే దానికి పని చెప్పేవాళ్లకు తమ పిల్లలు తెలిసుండాలి.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. బీఏ, ఎంఏ, రెండూ తెలుగు మీడియం. నా క్లాసులో ఎక్కువమంది నాగర్‌కర్నూల్, నారాయణపేట, వికారాబాద్ వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదివేవాళ్లు. ఈ సమీక్ష వాళ్ల మధ్య కూర్చుని రాస్తున్నది.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. మూడుల్ అంటే పాఠాలు, అసైన్‌మెంట్లు, పరీక్షలు, మార్కులు అన్నీ ఒకే చోట పెట్టుకునే సాఫ్ట్‌వేర్. ఉచితం. ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకుని, కావలసినట్టు మార్చుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డూగియమస్ మొదలుపెట్టాడు, తొలి వెర్షన్ 2002లో వచ్చింది. ఆయన చిన్నప్పుడు ఎడారి ప్రాంతంలో ఉంటూ, బడికి వెళ్లే దారి లేక, రేడియోలో టీచర్ చెప్పే పాఠాలు విని చదువుకున్నాడట. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మా అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ గుర్తొచ్చింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ఈ ఊళ్లో మనకు ఎందరో తెలుసు. దూరాన ఉన్నవాళ్లకు చదువు చేర్చాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు.

కొత్తగా వచ్చిన చిక్కు అక్షరాల దగ్గర మొదలైంది. నా పాత నోట్సంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో డీటీపీ చేయించినది. పదిహేనేళ్ల కష్టం. దాన్ని మూడుల్‌లో అతికిస్తే తెరనిండా అర్థంపర్థం లేని గుర్తులు వచ్చాయి. ఏ కంప్యూటరైనా, ఫోనైనా చదవగల యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులు అటూ ఇటూ అవుతాయి, ప్రతి పేజీ మళ్లీ చదవాల్సిందే. ఒక వేసవి మొత్తం ఆ పనికే పోయింది. పోయిందని బాధ లేదు. యూనికోడ్‌లోకి వచ్చాక పిల్లలు ఫోన్లో ‘ఉపాంత ప్రయోజనం’ అని వెతికితే ఆ మాట ఉన్న పేజీ తెరుచుకుంటుంది. అచ్చు నోట్సులో అది ఎన్నడూ కుదరలేదు. ఇప్పటికీ అను ఫాంట్లలోనే ప్రశ్నపత్రాలు చేయిస్తున్న తోటి అధ్యాపకులకు నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే: ఒక్క వేసవి ఇవ్వండి.

ఇక పరిభాష. ఇంగ్లీషులో ఫిస్కల్ డెఫిసిట్ అనే ఒకే భావనకు కోశ లోటు, విత్త లోటు, ద్రవ్య లోటు అని మూడు పేర్లు. తెలుగు అకాడమీ పుస్తకంలో ఒకటి, పేపర్లో ఒకటి, కోచింగ్ సెంటర్ మెటీరియల్‌లో ఇంకొకటి చదివి వస్తారు పిల్లలు. 1917లో ఉస్మానియా యూనివర్సిటీ కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, ఉర్దూలో శాస్త్ర పదాలు కూర్చిన ఊరు ఇది. 1968 నుంచి తెలుగుకు తెలుగు అకాడమీ ఆ పని చేస్తోంది. ఆ శ్రమంతా చివరికి నా ప్రశ్నల బ్యాంకులో ఒక చిన్న గడిలోకి వచ్చి కూర్చుంటుంది: ‘అంగీకరించే జవాబులు’. నేను ఆ గడిలో మూడు పేర్లూ రాస్తాను, ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరాల్లో రాసిన రూపం కూడా చేరుస్తాను.

ఈ ఏడేళ్లలో నా బోధన నిజంగా మారింది ఎక్కడంటే, పరీక్ష తర్వాత మూడుల్ ఇచ్చే గణాంకాల పేజీ దగ్గర. ప్రతి ప్రశ్నకూ ఫెసిలిటీ ఇండెక్స్ అని ఒక అంకె ఇస్తుంది. ఆ ప్రశ్న క్లాసుకు ఎంత తేలికైందో, ఎంత కష్టమైందో దాన్నిబట్టి తెలుస్తుంది. పక్కనే డిస్క్రిమినేషన్ ఇండెక్స్ ఉంటుంది. మొత్తం మీద బాగా రాసినవాళ్లు ఈ ప్రశ్న కూడా బాగా రాశారా లేదా అని చెబుతుంది. అది మైనస్‌లోకి వెళ్లిందంటే ప్రశ్నలోనో, కీలోనో తప్పుందని అనుమానించాలి. నేను పెట్టిన ప్రశ్నల్లో అలాంటివి దొరికాయి, తీసేశాను.

ఒక ఉదాహరణ. ‘ఉల్లిగడ్డ ధర కిలో 30 నుంచి 60 రూపాయలకు పెరిగింది, మిగతావేవీ మారలేదు. డిమాండ్ రేఖ ఏమవుతుంది?’ అని అడిగాను. ఏ ధరకు జనం ఎంత కొంటారో చూపే గీత అది. అరవై మందిలో నలభై మందికి పైగా ‘రేఖ ఎడమవైపుకు జరుగుతుంది’ అన్నారు. అది తప్పు. ధర ఒక్కటే మారితే రేఖ కదలదు, అదే రేఖ మీద మనం పైకి వెళ్తాం. ఈ పాఠం నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నా, అర్థమైందా అంటే అందరూ తలూపుతారు. సెమిస్టర్ పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గానీ వాళ్లకు అర్థం కాలేదని నాకు తెలిసేది కాదు. అప్పటికి వాళ్లు సెలవులకు ఊళ్లకు వెళ్లిపోయి ఉండేవాళ్లు.

మర్నాడు క్లాసులో ఆ అంకె బోర్డు మీద రాసి అడిగాను: “కార్తీక మాసంలో మీ ఇళ్లల్లో ఉల్లిగడ్డ ఎవరు మానేస్తారు?” సగం చేతులు లేచాయి. “ధర పెరిగిందని మానేశారా?” “లేదు మేడం, మాసం కదా.” ధర మారకుండానే కొనడం తగ్గింది, అంటే రేఖే ఎడమకు జరిగింది. మార్కెట్లో ధర పెరిగిందని కిలోకు బదులు అరకిలో తెచ్చుకుంటే, ఆ రేఖ మీదే పైకి వెళ్లాం. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి “మరి మాసం అయిపోంగనే మళ్ల జరుగుతది గద మేడం, కుడికి” అన్నాడు. రెండు వారాల తర్వాత అదే ప్రశ్న టమాటాతో పెట్టాను. ఈసారి తప్పు రాసినవాళ్లు పది మందిలోపే.

ఇంకొక పేజీ ఉంది. కోర్సులో ఉన్నవాళ్ల జాబితా తెరిస్తే, ప్రతి పేరు పక్కనా చివరిసారి ఎప్పుడు వచ్చారో కనిపిస్తుంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం దాన్ని ఒకసారి చూడటం అలవాటు చేసుకున్నాను. ఒక నవంబరులో ఒకమ్మాయి పేరు పక్కన 23 రోజులు అని ఉంది. క్లాసులో ముందు వరుసలో కూర్చునే పిల్ల. ఫోన్ చేస్తే కలవలేదు. హాస్టల్ స్నేహితురాలి దగ్గర వాళ్ల నాన్న నంబరు తీసుకుని చేస్తే తనే ఎత్తింది. “ఫోన్ పలిగిపోయింది మేడం. నాన్నకు పానం మంచిగ లేదు. పత్తి ఏరెటోళ్లు దొరుకుతలేరు, అందుకే ఊర్లనే ఉన్న.” చదువు మానేద్దామనుకుంటున్నానని కూడా చెప్పింది. నేను పెద్దగా ఏమీ చెప్పలేదు. పత్తి అయిపోయాక రమ్మన్నాను, మిగిలిపోయిన రెండు పరీక్షలకు తన ఒక్కదానికే కొత్త తేదీ ఇస్తానన్నాను. మూడుల్‌లో దాన్ని యూజర్ ఓవర్‌రైడ్ అంటారు. క్లాసు మొత్తానికి గడువు మార్చకుండా ఒక్కరికి మార్చవచ్చు. ఆ అమ్మాయి డిసెంబరు మొదటి వారంలో తిరిగొచ్చింది. డిగ్రీ పూర్తి చేసింది.

ఆ జాబితా నా ముందు లేకపోతే నేను గమనించేదాన్నా అని నన్ను నేను చాలాసార్లు అడుగుతుంటాను. అరవై మందిలో, హాజరు కాగితం మీద, బహుశా హాల్‌టికెట్ ఆగినప్పుడు గమనించేదాన్ని. 75 శాతం హాజరు లేదని ఆగినప్పుడు.

గడువుల విషయంలోనూ అంతే. మొదట్లో అన్ని అసైన్‌మెంట్లకూ రాత్రి 11:59 పెట్టేదాన్ని. రాత్రిళ్లు ఫుడ్ డెలివరీ చేసే అబ్బాయి ఒకడు ఎప్పుడూ రెండు గంటలకు పంపేవాడు, ఎప్పుడూ ఆలస్యం అని ఎర్రగా పడేది. మూడుల్‌లో గడువు వేరు, ఆఖరి గడువు వేరు. రెండింటి మధ్య పంపితే తీసుకుంటుంది, ఆలస్యమని గుర్తు పెడుతుంది. ఇప్పుడు నేను గడువే ఉదయం తొమ్మిదికి పెడుతున్నాను. దానివల్ల నాకు పోయిందేమీ లేదు, ఎలాగూ దిద్దేది పది తర్వాతే.

చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. మరుసటి సెమిస్టర్‌కే అసైన్‌మెంట్లలో ఒకే నున్నని తెలుగు మొదలైంది. పిల్లల్ని నిలదీయడానికి నాకు మనసొప్పలేదు. ప్రశ్నలే మార్చాను. మలక్‌పేట మార్కెట్‌కో, మోండా మార్కెట్‌కో, తమ బస్తీలో రైతు బజార్‌కో వెళ్లి, మూడు వారాలు ఒకే సరుకు ధర రాసుకుని, అమ్మేవాళ్లతో మాట్లాడి, ఫొటోలతో మూడుల్‌లో పెట్టాలి. ఒక జట్టు మలక్‌పేటలో హమాలీల కూలి లెక్క కూడా కట్టుకొచ్చింది. నేను దిద్దినవాటిలో అంతకంటే మంచి అసైన్‌మెంట్ లేదు.

పాలన వైపు మార్పు కూడా చిన్నది కాదు. పాత రోజుల్లో ఎస్‌బీహెచ్ బ్యాంకులో చలాన్ కట్టడానికి పిల్లలు పొద్దున్నే లైను కట్టేవాళ్లు, ఆ రసీదు పట్టుకుని ఎగ్జామ్ బ్రాంచికి, అక్కడ కిటికీ మూసేస్తే మర్నాటికి. డిగ్రీ సీటు కోసం ఒక్కో కాలేజీకి వెళ్లి ఒక్కో దరఖాస్తు కొనేవాళ్లు. 2016లో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి దోస్త్ వచ్చాక ఒక్క రిజిస్ట్రేషన్, వెబ్ ఆప్షన్లు. మెమో కోసం ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి చెప్పులరిగేలా తిరిగే అవసరం, సర్టిఫికెట్లను ఫోన్లోనే చూపించే డిజిలాకర్‌తో చాలావరకు పోయింది. మొన్న నా పాత విద్యార్థి ఒకడు బ్యాంకు ఉద్యోగం వెరిఫికేషన్ హాల్ బయట నిలబడి ఫోన్ చేశాడు, మార్కుల మెమో మర్చిపోయానని. ఫోన్లోంచే తీసి చూపించాడు, వాళ్లు ఒప్పుకున్నారు.

ఇక్కడ నాకు నిజంగా కడుపుమండే విషయం పేర్లది. చదివిన కోర్సుల క్రెడిట్లను జమచేయడానికి 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా తెరవాలంటే ఆధార్‌లో పేరు, యూనివర్సిటీ రికార్డులో పేరు కలవాలి. మన పిల్లలకు టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమై వెనక్కి పోతుంది. పెళ్లయిన అమ్మాయిలకు ఇంటిపేరే మారిపోయి ఉంటుంది. ఫోన్ నంబరు మారితే ఓటీపీ రాదు. మీసేవ చుట్టూ మూడు రోజులు తిరిగి, కూలి పోగొట్టుకుని, అయినా కుదరక నా దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్లున్నారు. ఇంటిపేరు ముందు రాసుకునే జనం ఉంటారని ఆ ఫారం తయారుచేసేటప్పుడే ఎవరైనా అడిగి ఉండాల్సింది.

మా దగ్గర లోపాలు ఇంకా ఉన్నాయి. ఫీజు ఆఖరి రోజు పోర్టల్ తెరుచుకోదు. ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసిన ప్రతి కాగితాన్నీ మళ్లీ ప్రింట్ తీసి, గెజిటెడ్ సంతకంతో ఇమ్మంటారు. 2020లో అన్ని సబ్జెక్టుల ఇంటర్నల్స్ పొద్దున్న పది గంటలకే పెట్టారు, సర్వర్ కూలిపోయింది. డిపార్ట్‌మెంట్‌కు ఒక వేళ చొప్పున విడదీశాక ఆ బెడద పోయింది. మూడుల్ తెలుగు ప్యాక్ పెట్టి చూశాం, సగం మాటలు ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. అన్నిటికంటే పెద్ద లోపం మాది. సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉచితం కాదు. మా సర్వర్ చూసే కుర్రాడు కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఒక ఏడు అతని కొనసాగింపు ఉత్తర్వులు రెండు నెలలు ఆగాయి. జీతం లేకుండానే వచ్చి బ్యాకప్ తీసి వెళ్లేవాడు. అతన్ని రెగ్యులర్ చేయమని నేను రాసిన కాగితాలు ఒక ఫైలు నిండా ఉన్నాయి. మళ్లీ రాస్తాను.

స్కాన్ చేసిన జవాబుపత్రాలను తెర మీద దిద్దే ఆన్‌స్క్రీన్ వాల్యుయేషన్‌కు కళ్లు మండుతాయి. కూడిక తప్పులు మాత్రం పోయాయి, దిద్దకుండా వదిలేసిన పేజీ ఉంటే అదే గుర్తు చేస్తుంది. ఆ ఒక్కందుకు భరించవచ్చు.

పోయిన జనవరిలో నా కోర్సు మొత్తాన్ని బ్యాకప్ ఫైలుగా తీసి, మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్‌కు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. ఏడేళ్ల ప్రశ్నలు, పదకొండు వందలకు పైగా. తను వాళ్ల మూడుల్‌లో పెట్టుకుని ఒక సెమిస్టర్ నడిపి, మొన్న ఫైలు తిరిగి పంపింది. రెండు ప్రశ్నల్లో కీ తప్పు పట్టుకుంది. ‘ఆర్థిక వృద్ధి’ ప్రశ్న తెరిస్తే, అంగీకరించే జవాబుల్లో నేను రాసిన రెంటి కింద మూడోది చేర్చి ఉంది: ‘ఆర్తిక’. పక్కనే నాకో చిన్న నోటు: “మా పిల్లలు ఇలా కూడా రాస్తున్నారు మేడం. మార్కు ఇచ్చి, స్పెల్లింగ్ చూసుకోమని కామెంట్ పెడుతున్నా. సరేనా?”

సరేనని రాశాను. నా ఫైల్లోనూ చేర్చుకున్నాను.