స్టెయిన్‌లెస్ ఎగ్జాస్ట్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

పాత ఓపెన్ టాప్ కారుకి స్టెయిన్‌లెస్ ఎగ్జాస్ట్ వేయించాలని చూస్తున్నవాళ్లకి ఒక హెచ్చరిక. "పూర్తి స్టెయిన్‌లెస్ సెట్, అన్ని మోడళ్లకీ నేరుగా సరిపోతుంది, జీవితకాల వారంటీ." ఈ మూడు మాటలూ ఒకే ప్రకటనలో కనిపిస్తే అక్కడ కాసేపు ఆగండి. నాకు అమ్మినాయన ఈ మూడూ చెప్పాడు. ఒక్కటీ నిలబడలేదు. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అయినా పేరు తెలిసినందువల్ల మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఏం చూడాలో, ఏం అడగాలో తెలిస్తే ఎవరి దగ్గర కొన్నా పనికొస్తుంది.

నాది ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ అనే పాత బ్రిటిష్ ఓపెన్ టాప్ కారు, క్రోమ్ బంపర్ల రోజులది. ఇలాంటి బండ్లు రోజూ తిరగవు. సైలెన్సర్‌కి అసలు శాపం అదే. లీటరు పెట్రోలు కాలితే పొగతోపాటు దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. పైపంతా బాగా వేడెక్కేదాకా నడిపితే ఆ ఆవిరి వెనకనుంచి వెళ్లిపోతుంది. షెడ్డులోంచి తీసి చిన్న చక్కర్ కొట్టి మళ్లీ పెట్టేస్తే మాత్రం నీళ్లు డబ్బాలోనే నిలబడి, పొగలోని ఆమ్లాలతో కలిసి మామూలు ఇనుప రేకుని లోపలినుంచి తినేస్తాయి. బయటికి రంగు చెక్కుచెదరదు, ఒకరోజు వేలితో నొక్కితే వేలు లోపలికి పోతుంది. కాబట్టి స్టెయిన్‌లెస్ వేయించాలన్న ఆలోచనలో తప్పేమీ లేదు. స్టెయిన్‌లెస్ అనే మాట చాటున ఏం అంటగడుతున్నారన్నదే పేచీ.

ఆర్డర్ ఇచ్చేముందే స్టెయిన్‌లెస్ ఉక్కులో ఏ గ్రేడ్ (రకం) అని అడిగాను. "304 సార్, మొత్తం 304" అని రాతపూర్వకంగా జవాబు వచ్చింది. పెట్టె విప్పాక పైపులు తళతళలాడుతున్నాయి, డబ్బాలకి అద్దంలాంటి పాలిష్. 304కి అయస్కాంతం మామూలుగా అంటుకోదు, అందుకే పెట్టి చూశాను. పైపుల మీద నిలవలేదు, వంపుల దగ్గర మాత్రం కొంచెం లాగింది. అది మామూలే, చల్లగా వంచినచోట 304 కూడా కాస్త అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. సైలెన్సర్ డబ్బాల మీద పెడితే మాత్రం టక్కున అతుక్కుపోయింది, పీకడానికి గోరు పెట్టాల్సి వచ్చింది. డబ్బాలు 304 కావని అక్కడే తేలిపోయింది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన చెత్త సరుకు అనుకోకండి. 409 అనే రకంలో క్రోమియం 11 శాతం దాకా ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. చాలా కంపెనీ కార్ల ఎగ్జాస్ట్‌లు ఆ రకంతోనే తయారవుతాయి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. కానీ పైన గోధుమరంగు తుప్పు పొర తేలుతుంది, మెరుపు ఉండదు. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం వరకు ఉంటాయి. నికెల్ వల్లే ధర పెరుగుతుంది. 304 ధర తీసుకుని 409 ఇవ్వడం మోసం. 409 అని చెప్పి, దాని ధరే తీసుకుంటే అది వ్యాపారం. నేను ఫొటోలు పంపాక అమ్మినాయన మాట మారింది: "పైపులు 304, డబ్బాలు స్టెయిన్‌లెస్సే కదా సార్." అదే ముక్క డబ్బు తీసుకోకముందు చెప్పొచ్చుగా?

తరవాత వెల్డింగ్ చూశాను. బయట సన్నగా, వరసగా, చూడముచ్చటగా ఉంది. టార్చ్ లైటు పెట్టి పైపు లోపలికి చూస్తే అతుకు పొడుగునా మాడిన పంచదార గడ్డలాగా నల్లగా, గరుకుగా బుడిపెలు. వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపల ఆర్గాన్ గ్యాస్ నింపకపోతే వెనకవైపు లోహం గాలికి కాలిపోయి ఇలా తయారవుతుంది. అతుకు అక్కడ బలహీనం, పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే. పైపుని బండి కింద వేలాడదీసే హ్యాంగర్ల కోసం అతికించిన పట్టీలైతే మామూలు ఇనుమే, వాటి చుట్టూ ఎర్రటి మరక అప్పుడే మొదలైంది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. ప్రకటనల్లో ఎప్పుడూ బయటి అతుకు ఫొటోనే పెడతారు. మీరు లోపలి ఫొటో అడగండి. పంపనంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇక "అన్ని మోడళ్లకీ సరిపోతుంది" కథ. 1962 నుంచి 1980 దాకా వచ్చిన ఎమ్‌జీబీలన్నిటికీ ఇదే సెట్ అన్నాడు. ఆ కాలంలో బండి ఎంత మారిందో ఈ కారున్న ఎవరినడిగినా చెబుతారు. 1974 చివర్లో రబ్బరు బంపర్లు వచ్చాయి, దాంతోపాటు బండి ఎత్తూ పెరిగింది. అమెరికాకి వెళ్లిన తర్వాతి బండ్లలో రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు పోయి ఒకే జెనిత్-స్ట్రామ్‌బర్గ్ వచ్చింది, ఇంజన్ నుంచి పొగని బయటికి తెచ్చే మానిఫోల్డూ మారింది. వీటన్నిటికీ ఒకే సెట్ ఎలా కూర్చుంటుంది? మీ బండి ట్రయంఫ్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, పద్ధతి ఒకటే: మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. ఛాసిస్ నంబరు, మానిఫోల్డ్ ఫొటో, వెనక బంపర్ ఫొటో పంపి "ఈ బండికి సరిపోతుంది" అని రాయించుకోండి.

నా విషయంలో మొదటి తేడా ముందే బయటపడింది. ఎమ్‌జీబీకి మానిఫోల్డ్ నుంచి రెండు డౌన్‌పైపులు దిగుతాయి. వాటి ఫ్లాంజులు (మానిఫోల్డ్‌కి ఆనించి బిగించే అంచులు) రెండూ ఒకే మట్టంలో ఉండాలి. ఇక్కడ ఒకటి మానిఫోల్డ్‌కి చక్కగా కూర్చుంటే, రెండోదాని దగ్గర ఒక పక్క సందు, అందులోంచి టార్చ్ వెలుతురు అవతలికి కనిపిస్తోంది. ఫోన్ చేస్తే "బిగిస్తే సర్దుకుంటుంది సార్" అన్నాడు. ఏం సర్దుకుంటుంది? అది పాతకాలపు పోత ఇనుము మానిఫోల్డ్. వంకరగా ఉన్న ఫ్లాంజిని నట్టుతో లాగి కూర్చోబెట్టాలని చూస్తే మానిఫోల్డ్‌లో దిగేసిన స్టడ్ (తల లేని బోల్టు) విరుగుతుంది, లేదంటే మానిఫోల్డే పగులుతుంది. విరిగిన స్టడ్ తీయాలంటే ఆ పని ఖర్చు వేరే, టెన్షన్ వేరే. అలాంటి సలహా విన్నారంటే స్పానర్ కింద పెట్టేయండి.

బిగించకపోతే వారంటీ మాట్లాడను అన్నాడు కాబట్టి, మా మెకానిక్ ఆ ఫ్లాంజిని కోసి, సరిచేసి అతికించాక కూర్చోబెట్టాం. అప్పుడు తేలిన సంగతి శబ్దం. బండి నిలబెట్టి ఉన్నప్పుడు గంభీరంగా, బాగుంది. ప్రకటన వీడియోల్లో వినిపించేది ఆ శబ్దమే. కానీ 3000 ఆర్‌పీఎమ్ దగ్గర, అంటే హైవే మీద నిలకడగా వెళ్లే వేగంలో, చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి ఆ వేగంలో సెకనుకి 100 సార్లు పేలుళ్లు వస్తాయి. ఆ లోతైన శబ్దానికి లోపల ఉన్నదంతా వంత పాడుతుంది. టాపు తీసి ఉంటే కొంత గాలికి కొట్టుకుపోతుంది, టాపు వేస్తే పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడలేం. పాత సెట్‌లో ఉన్నట్టే దీనికీ రెండు డబ్బాలున్నాయి, కానీ రెండూ తిన్నగా ఉన్న చిల్లుల గొట్టం చుట్టూ గాజు దూది కూరిన రకం. అడ్డుగోడలున్నవి కావు. ఆ గాజు దూది నేరుగా చిల్లులకి తగిలేలా పెడితే, పొగ తాకిడికీ తేమకీ కొద్దికొద్దిగా ఊడి బయటికి పోతుంది. మంచి తయారీదారులు మధ్యలో స్టెయిన్‌లెస్ ఊలు పొర ఒకటి చుడతారు. ఇందులో అది లేదని టెయిల్ పైపులోంచి తెల్లటి పోగులు రాలడం మొదలయ్యాక అర్థమైంది. డబ్బా వందేళ్లు తుప్పు పట్టకపోతే మాత్రం ఏం లాభం, లోపల శబ్దం ఆపేదే లేకపోతే? అందుకే సైలెన్సర్ లోపల ఏముందో గ్రేడ్ కంటే ముందు అడగండి. వీలైతే అదే సెట్ ఉన్న బండిలో టాపు వేసి కూర్చుని ఒకసారి హైవే మీదికి వెళ్లండి.

ఇప్పటిదాకా చెప్పినవి డబ్బు నష్టం, చికాకు. దీని తరవాతది ప్రాణాల మీదికి తెచ్చే విషయం, దయచేసి శ్రద్ధగా చదవండి.

కొత్త టెయిల్ పైపు పొట్టిగా ఉంది. బంపర్ దాటి బయటికి రాలేదు, బాడీ అంచు కిందే ఆగిపోయింది. కారు ముందుకి పోతున్నప్పుడు దాని వెనకాల గాలి పీడనం తగ్గుతుంది, పొగ అక్కడే సుడి తిరుగుతుంది. ఓపెన్ టాప్ బండిలో, ముఖ్యంగా టాపు వేసి వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పు తీసి ఉంచితే, ఆ పొగ నేరుగా సీట్ల మీదికి వస్తుంది. పాత కార్బ్యురేటర్ ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3, 4 శాతం ఉండటం మామూలే, శుద్ధి చేయడానికి క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. పీల్చే గాలిలో అది 0.02 శాతం ఉన్నా రెండు మూడు గంటల్లో తలనొప్పి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మాకు పెట్రోలు వాసన, కళ్లమంట వచ్చాయి కాబట్టి అనుమానం వచ్చింది, బండి పక్కకి ఆపాం. కొత్త ఎగ్జాస్ట్ వేశాక బండిలో తల బరువుగా అనిపిస్తే ఎండ వల్ల అని సరిపెట్టుకోకండి. పైపు చివర బంపర్ దాటిందా లేదా చూడండి. జాయింట్ల దగ్గర లీకేజీ చూడటానికి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో వెనక పైపుని క్షణంపాటు మూయించండి, సబ్బునీళ్లు పూసినచోట బుడగలొస్తే లీకున్నట్టే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపమని పేలినా తరచుగా కారణం ఇదే, జాయింట్‌లోంచి గాలి లోపలికి దూరుతోందన్నమాట.

వారంటీ గురించి ఎక్కువ చెప్పను, అడిగితే కోపమే వస్తుంది. "జీవితకాలం" అంటే బండి జీవితం కాదు, నా జీవితమూ కాదు. షరతులు పంపమని పట్టుబడితే వచ్చిన కాగితంలో ఇలా ఉంది: మొదట కొన్నవాడికే వర్తిస్తుంది, బండి అమ్మితే పోయినట్టే. రేకుకి తుప్పుతో చిల్లు పడితేనే లెక్క. దూది, వెల్డింగ్ పగుళ్లు, శబ్దం, ఫిట్టింగ్ ఏవీ వారంటీ కిందికి రావు. పంపే ఖర్చు మనదే. పైగా ఒకసారి బిగించిన సరుకు వాడిన సరుకట, వాపసు ఉండదు. ఫ్లాంజి కోసి సరిచేశాం కాబట్టి "మార్పులు చేశారు" అని ఇంకో సాకు. బిగిస్తేగాని సరిపోలేదని తెలియదు, బిగిస్తే వాపసు లేదు. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి.

మంచి సెట్ దొరికినవాళ్లు కూడా బిగించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 304 వేడికి మామూలు ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది. 2 మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే మామూలు ఉక్కుదైతే 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇది 10 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆ సాగుదలకి చోటివ్వకుండా బిగదీసి కట్టేస్తే ఎంత మంచి వెల్డింగైనా పగులుతుంది. రబ్బరు హ్యాంగర్లు కొత్తవి వేయండి. మొత్తం వదులుగా వేలాడదీసి, ముందు మానిఫోల్డ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రండి. జాకీ మీద ఉన్నప్పుడు వెనక ఇరుసు కిందికి జారి ఉంటుంది, అప్పుడు కనిపించే ఖాళీని నమ్మకండి. చక్రాల మీద బరువు పడ్డాక హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ఇరుసు, బాడీ దేనికీ పైపు తగలడం లేదని మళ్లీ చూడండి. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు వేస్తే రెండూ కరుచుకుపోతాయి, యాంటీ సీజ్ పేస్టు పూయందే బిగించకండి. మానిఫోల్డ్ స్టడ్లకి ఇత్తడి నట్లే వాడండి. సెట్‌తో వచ్చే యూ క్లాంపులు పైపుని నొక్కి సొట్ట చేసేస్తాయి, తరవాత జాయింట్ ఊడదీయలేం. వెడల్పు పట్టీ క్లాంపులు విడిగా కొనుక్కోవడం మేలు.

నా బండికి ప్రస్తుతం పాత సెట్టే, అతుకులేసి, మళ్లీ ఎక్కించాం. ఇలాంటి సరుకు మీ ఇంటికి ఇప్పటికే వచ్చి ఉంటే బిగించకండి. పెట్టెతో సహా ఫొటోలు తీయండి, అయస్కాంతం అంటుకున్నది వీడియో తీయండి, ఫ్లాంజిలని గాజు పలక మీద ఆనించి సందు కనిపించేలా తీయండి. ఫోన్లో ఏం మాట్లాడినా అదే విషయం మళ్లీ మెసేజ్‌లో రాసి పంపి జవాబు తెప్పించుకోండి. ఫోన్లో ఒప్పుకున్న మాటల్లో ఒక్కటీ నాకు ఇప్పుడు అక్కరకి రావడం లేదు. "మొత్తం 304" అని వాళ్లు రాసిచ్చిన ఆ ఒక్క ముక్క మీదే నా ఫిర్యాదు నడుస్తోంది.