సర్వే మ్యాప్‌తో ఉదయగిరి దుర్గం ఎక్కాం

నెల్లూరు వైపు వెలిగొండల్లో ఒక్క చోటికే వెళ్లే టైముంటే భైరవకోన, పెంచలకోన తర్వాత చూసుకోవచ్చు, ముందు ఉదయగిరి దుర్గం ఎక్కండి. అదీ సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే కొండల ఎత్తుపల్లాలు కూడా చూపే మ్యాప్, చేతిలో ఉంచుకుని. ఫోన్ మ్యాప్‌లో ఈ కొండంతా ఒక పచ్చటి మరక, అంతే. నేల మీది మైలును అంగుళంగా చూపే పాత షీట్లలో దీని నంబరు 57 ఎన్/5. వాగులు, కాలిబాటలు, అడవి హద్దులు గీసి ఉంటాయి.

నన్ను కట్టిపడేసినవి కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు. దుర్గం అంచుల్లో అవి ఒకదాని మీద ఒకటి పడ్డంత దగ్గరగా ఉన్నాయి, అంటే అక్కడ కొండ నిట్టనిలువు గోడే. 1514లో ఈ కోటను పట్టుకోవడానికి కృష్ణదేవరాయలకు ఏడాదికి పైగా ముట్టడి ఎందుకు పట్టిందో ఆ గీతలు చూశాకే నాకు అర్థమైంది. పైన మసీదు దగ్గర నిలబడి కిందికి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఈ గీతలు వేసినవాళ్ల కష్టం ఊహించండి. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బ్రిటిష్ సర్వేయర్ లాంబ్టన్ ఉక్కు గొలుసుతో సుమారు 12 కిలోమీటర్ల బేస్‌లైన్, అంటే లెక్కలకు ఆధారమైన తొలి గీత, కొలిచాడు, అక్కడి నుంచి థియోడోలైట్ అనే దుర్భిణి పరికరంతో కోణాలు కొలుస్తూ త్రిభుజాల మీద త్రిభుజాలు దేశమంతా అల్లారు. తర్వాత ప్లేన్ టేబుల్ వాళ్లొచ్చారు. మూడుకాళ్ల బల్ల మీద కాగితం పరిచి, ఆ త్రిభుజాలతో స్థానం తెలిసిన శిఖరాలకు గురిచూసి గీతలు గీస్తే, అవి కలిసిన చోటే తాము నిలబడిన చోటు. ఆ బల్లా సామానూ మోసింది కలాసీలు, అంటే సర్వే కూలీలు, ఈ ఎండలో, జ్వరాల అడవుల్లో. షీటు మీద వాళ్ల పేర్లు ఉండవు, అది నాకు బాధే.

బసకు ఉదయగిరిలో చిన్న లాడ్జీలే. మేం దిగిన దాంట్లో గది శుభ్రంగానే ఉంది, నీళ్లు మాత్రం రాత్రి ఆగిపోయాయి. కుటుంబంతో అయితే ఆత్మకూరులో దిగి తెల్లవారుజామున బయల్దేరడం మేలు. నెల్లూరు నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి.

సీతారాంపురం మీదుగా భైరవకోన వెళ్లాం. రాతిలో తొలిచిన ఎనిమిది గుళ్లు, పక్కనే జలపాతం, పిల్లలకు బాగుంటుంది, కానీ సెలవు రోజుల్లో జనం ఎక్కువ. పెంచలకోనలో నరసింహస్వామి దర్శనం ప్రశాంతంగా అయింది.

సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో కొత్త 1:50,000 స్కేలు (మ్యాప్‌లో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు) షీట్లు ఉచితంగానే దొరుకుతాయి. పెద్ద సైజులో ప్రింట్ తీయించండి, చిన్న కాగితం మీద గీతలు కలిసిపోతాయి. జనవరి, ఫిబ్రవరిలో వెళ్లండి, ఊళ్లోవాళ్లను ఒకరిని తోడు తీసుకెళ్లండి, నీళ్లు కింది నుంచే మోసుకెళ్లండి.