వంశవృక్షం ఫ్రేమ్ చేయిస్తే తాత మొహమే మారిపోయింది

తాత సంవత్సరీకానికి ఇంట్లో పెడదామని నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందులో ఉండే ఒక ఫ్రేముల షాపులో మా వంశవృక్షం చేయించా. పన్నెండు బై పద్దెనిమిది సైజు, అద్దం, టేకు రంగు చెక్క, అన్నీ కలిపి 1,800, పాత ఫొటోలు బాగుచేసేదానికి ఒక్కోదానికి 150 వేరే. చెక్కకి, ప్రింటుకి వంక పెట్టేదానికి లేదు. మిగతా కథ వినండి.

ముందు ఒక కాగితం చేతిలో పెట్టి పేర్లు, పుట్టిన సంవత్సరం, ఊరు రాసుకు రమ్మన్నాడు. పది నిమిషాల పని అనుకున్నా గానీ ముత్తాత దాకా రాసి ఆగిపోయా, ఆయన నాయన పేరు మా నాన్నకీ తెలీదు, బాబాయికీ తెలీదు. తాత ఎప్పుడు పుట్టాడని అవ్వని అడిగితే బహుధాన్య అంది. ఆధార్‌లో చూస్తే 1945. బహుధాన్య అంటే 1938-39, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తది కాబట్టి ముందుది 1878, తర్వాతది 1998, రెండూ కుదరవు. అంటే ఆధార్లో తాతకి ఏడేళ్లు తగ్గించి రాసేశారన్నమాట.

ముత్తాత నాయన పేరు చివరికి అవ్వ ట్రంకుపెట్టెలో దొరికింది. కలరా ఉండల వాసనేసే పట్టుచీర కింద, ముత్తాత 1951లో చేను కొన్న దస్తావేజు, మడతల కాడ చిరిగి నాలుగు ముక్కలైంది. పాత దస్తావేజుల్లో ఉత్త పేరు రాసి వదలరు, ఫలానా వారి కుమారుడు, ఫలానా గ్రామ కాపురస్తుడు అని రాస్తారు, అక్కడే ఇంకో తరం దొరికేస్తది. సాక్షి సంతకాల్లో ఇద్దరు మా ఇంటిపేరోళ్లే, హద్దుల్లో తూర్పు చేను వాళ్లదీ మా ఇంటిపేరే, పాలోళ్లే అయ్యుంటారు. మీ ఇంట్లో కాగితం లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు అడగండి, ఆన్‌లైన్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకి పోవాల్సిందే.

ఇక షాపు సంగతి. వారంలో ఇస్తానని పదిహేను రోజులు తిప్పాడు. తీరా చూస్తే తాత పేరు కింద జననం ప్రకాశం జిల్లా అని ఉంది. మాది కందుకూరు పక్క పల్లె, తాత పుట్టేనాటికి అది నెల్లూరు జిల్లా, ఒంగోలు జిల్లా అని కొత్తది వచ్చిందే 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో, మళ్లీ 2022లో కందుకూరుని తెచ్చి నెల్లూరులో కలిపేశారు, 2025 ఆఖర్లో తిరిగి ప్రకాశంలోకే పంపేశారు. ఆయన ఊరు కదల్లా, జిల్లాలే వచ్చి పోయినయ్. ఇదంతా చెబితే షాపాయన "ఆయన పుట్టినప్పుడు నెల్లూరేగా సార్" అని నవ్వి మార్చాడు.

ఫొటో అయితే మరీ ఘోరం. ఏఐలో వేసి తెల్లగా నున్నగా చేసిపెట్టాడు, కుడి కనుబొమ మీద ఎద్దు కొమ్ము తగిలిన గాటు ఎగిరిపోయింది. అవ్వ కళ్లజోడు పెట్టుకుని చూసి "ఎవరబ్బయ్యా ఈయన, పెళ్లిచూపులకొచ్చినోడా" అంది. డబ్బులు అడక్కుండా మళ్లీ చేసిచ్చాడు, అది మాత్రం మెచ్చుకోవాలి. ఒరిజినల్ ఫొటో మాత్రం అక్కడ వదలొద్దు, ఎదురుగా నిలబడి స్కాన్ చేయించి తెచ్చుకోండి, వెనకవైపు రాత ఉంటే అది కూడా.

నాకు అసలు మండింది డిజైన్ దగ్గర. ఆడపిల్లలకి గడుల్లేవు, కోడళ్లకి మొగుడి పక్కన సన్నగా ఒక పేరు, అంతే. మా మేనత్తలు ముగ్గురూ ఏరయ్యా అంటే "అందరూ ఇట్టాగే చేయించుకుంటారు సార్" అన్నాడు. 5కి 3 ఇస్తా. సంవత్సరీకం అయిపోయింది, ఫ్రేము ఇంకా మేకుకి ఎక్కలా, గోడకి ఆనించి ఉంది. తన పుట్టింటిపేరు లేనిది తగిలించొద్దని అవ్వ పట్టుబట్టింది, సోమవారం మళ్లీ పోతున్నా.