రొయ్యల చెరువు గట్టు మీద అమెరికా షేర్ల యాప్

ఉండి ఊరి దగ్గర మాకు ఆరెకరాల వనామీ చెరువులున్నాయి, అందులో నాలుగెకరాలు లీజువే. కొంతకాలంగా ఫోన్లో ఒక అమెరికా షేర్ల యాప్ వాడుతున్నాను. పేరు చెప్పను గానీ ఐదుకి మూడు స్టార్లు ఇస్తాను.

ముందు మంచి చెబుతా. పాన్, ఆధార్ ఇస్తే రెండో రోజుకే ఖాతా తెరిచారు. డాలర్లు పంపడానికి మాత్రం బ్యాంకుకెళ్ళి ఏ2 ఫారం నింపాల్సొచ్చింది. భీమవరం బ్రాంచిలో కౌంటరు అమ్మాయి "పిల్లల చదువుకా సార్?" అంది. షేర్లకని చెబితే పక్క సీటాయన తలెత్తి చూశాడు. ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, 10 లక్షల రూపాయలు దాటితే గానీ టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు. నేను పంపింది లక్షా ఇరవై వేలు. ఇన్‌కంటాక్స్ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు కోసం యాప్ ఇచ్చిన రిపోర్టు చూసి మా ఆడిటరు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఇక పేచీ. 2025 ఏప్రిల్ మొదట్లో మన రొయ్యలు వెళ్ళే అమెరికాలో ట్రంప్ సుంకాలు ప్రకటించగానే ఇక్కడ కౌంటు ధరలు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే రేట్లు) కోసేశారు. అక్కడి మార్కెట్ కూడా పడుతోంది కదా, అది పడితే లాభమిచ్చే ఫండ్ కొంటే ఇటు పోయింది అటు వస్తుందని నా లెక్క. 8వ తేదీ రాత్రి, అక్కడి పెద్ద కంపెనీల షేర్ల సూచీ నాస్‌డాక్ 100కి రోజుకు మూడింతలు ఎదురు నడిచే ఫండ్ 800 డాలర్లకు కొన్నాను. పడుకునేటప్పటికి లాభంలోనే ఉంది. మర్నాడు రాత్రి చెక్ ట్రేలు (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళేలు) చూసి గట్టెక్కేసరికి పదకొండు కావస్తోంది. సుంకాలకు 90 రోజులు విరామమని వార్త. ఆ ఒక్కరోజే సూచీ 12 శాతం లేచింది. నా ఫండ్ ముందురోజు ముగింపు మీద మూడో వంతుకు పైగా ఊడింది. తడి చేత్తో ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ తప్పు నాదే, దానికి స్టారు కోయలేదు. కోసింది ఎందుకంటే, కొనేముందు యాప్ అడిగింది "రిస్కు అర్థమైంది" అన్న గడిలో ఒక టిక్కు మాత్రమే. లెక్క ఎక్కడా చూపలేదు. తర్వాత నేనే ఖాళీ మేత సంచి మీద వేసి మా బావమరిదికి చూపించాను. సూచీ, రెండు రకాల ఫండ్లూ 100 దగ్గర మొదలయ్యాయనుకో. సూచీ ఒకరోజు 110కి పెరిగి, మర్నాడు మళ్ళీ 100కి వచ్చింది. సూచీ వైపే మూడింతలు నడిచేది 130కి వెళ్ళి 94.5కి దిగుతుంది. ఎదురు మూడింతలది 70కి పడి 89 దగ్గరే ఆగుతుంది.

"అదేంటి బావా, రెండు కోళ్ళూ చచ్చాయా?" అన్నాడు.

చచ్చినట్టే. ఏ రోజు లెక్క ఆ రోజుదే, మర్నాడు మళ్ళీ కొత్తగా మొదలు. అందుకే ఇవి ఒకటి రెండు రోజుల సరుకు, పట్టుకుని కూర్చునేవి కావు. ఈ నాలుగు ముక్కలు యాప్‌లో పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?

రెండో స్టారు జూన్‌లో పోయింది. ఇకపై ఇలాంటి ఫండ్లు అమ్ముకోవచ్చు గానీ కొనడం కుదరదని మెయిలొచ్చింది, "మీ రక్షణ కోసం" అట. చాట్‌లో ఎందుకని అడిగితే అదే వాక్యం మూడుసార్లు పెట్టారు. ఎకరానికి లక్షలు పోసి సీడు వదిలేటప్పుడు నాకెవరూ పరీక్ష పెట్టరు, వైట్‌స్పాట్ తెగులు వస్తే రోజుల్లో చెరువు ఖాళీ. నిఫ్టీ ఆప్షన్లు మా ఊళ్ళో కుర్రాళ్ళు టీ తాగుతూ కొంటారు. 2021-22 నుంచి మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్లు, ఆప్షన్ల వ్యాపారంలో) దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తీసింది. 2025లో కొత్తగా వచ్చిన ఎస్ఐఎఫ్ (స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్) అనే ఫండ్లకు షార్ట్ పొజిషన్లు, అంటే ధర పడితే లాభమిచ్చే పందేలు, తీసుకునే వీలుంది గానీ, అందులో చేరాలంటే కనీసం 10 లక్షలు కావాలి. డబ్బున్నోడికి లెక్కలొచ్చని ధీమా కాబోలు! అమెరికాలోనూ 2022లో బ్రోకర్లను అదుపు చేసే సంస్థ ఫిన్రా ఈ ఫండ్ల మీద కొత్త కట్టుబాట్లు పెట్టాలా అని అభిప్రాయాలడిగితే, వద్దంటూ జనం వేలల్లో రాశారు. నాకు పరీక్ష పెట్టండి, రాస్తాను. తలుపు మూయడమే నచ్చలేదు.

ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు మళ్ళీ కొనాలనిపించింది, కుదరలేదు. కొననిచ్చుంటే అప్పుడూ పోగొట్టుకునేవాణ్ణి, ఆ సంగతి వేరు.

మామూలు షేర్లకైతే యాప్ బాగానే ఉంది. మొన్న మా బావమరిది ఇన్వైట్ కోడ్ అడిగాడు. పంపాను, మేత సంచి ఫోటో కూడా జత చేసి.